సున్నపుతేట, వంటసోడా: పగడాల ట్యాంకులో వంటింటి రసాయనాల లెక్క

సున్నపుతేటలోకి గొట్టంతో ఊపిరి ఊదితే అది పాలలా తెల్లబడుతుంది. బడిలో సైన్సు చదివిన వాళ్లందరికీ గుర్తుండే ప్రయోగం ఇది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది, ఆ తెలుపు అదే. సముద్రంలో పగడం తన రాతిగూడు కట్టుకునేది కూడా ఈ పదార్థంతోనే.

ఉప్పునీటిలో బతికున్న పగడాలను పెంచే అక్వేరియాన్ని రీఫ్ ట్యాంక్ అంటారు. దాన్ని పెట్టుకున్నవాళ్లకు కొన్ని నెలలు గడిచాక ఒక సందేహం మొదలవుతుంది. నీటిలో తగ్గిపోయే కాల్షియాన్ని, ఆల్కలినిటీని (ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని) తిరిగి నింపడానికి షాపులో అమ్మే జంట సీసాల ఖరీదు ఎక్కువ. వాటిలో ఉన్నదేమో చాలావరకు వంటసోడా జాతి పదార్థం, కాల్షియం క్లోరైడ్. అలాంటప్పుడు కిరాణా షాపు సరుకుతో ఎందుకు నడపకూడదు? అడిగితే ఒకరు ఏళ్ల తరబడి అలాగే నడుపుతున్నామంటారు, మరొకరు ట్యాంకు మొత్తం పాడైందంటారు. రెండూ నిజాలే కావచ్చు. తేడా ఎక్కడ వస్తుందో చూడటమే ఈ వ్యాసం పని.

క్లుప్తంగా

వంటసోడా, సున్నం, కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం లవణాలతో రీఫ్ ట్యాంకును నడపవచ్చు. సీసాలో ఉన్నదీ, పొట్లంలో ఉన్నదీ రసాయనికంగా ఒకటే కాబట్టి పగడానికి తేడా తెలియదు. కంపెనీ సీసాతో పాటు రెండు పనులు చేసి ఇస్తుంది: రెండు పదార్థాల నిష్పత్తిని లెక్కకట్టడం, వాటి స్వచ్ఛతను చూడటం. పొట్లం కొనుక్కున్నప్పుడు ఆ రెండు బాధ్యతలూ ట్యాంకు నడిపేవారి మీద పడతాయి. చెడిపోయే ట్యాంకుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఈ లెక్క తప్పడమే.

నీటిలోంచి పోయేవి రెండు, ఒకే తూకంలో

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. దీన్నే 420 పీపీఎం అంటారు. ఆల్కలినిటీ అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి. ఉప్పునీటిలో అందులో అధిక భాగం బైకార్బొనేట్, కార్బొనేట్‌ల వల్లే వస్తుంది. దాన్ని కొలిచే యూనిట్ డీకేహెచ్; సముద్రంలో అది సుమారు 7 డీకేహెచ్. ట్యాంకుల్లో కాల్షియాన్ని 380 నుంచి 450 పీపీఎం మధ్య, ఆల్కలినిటీని 7 నుంచి 11 డీకేహెచ్ మధ్య ఉంచుతారు.

పగడం ఒక కాల్షియం అయాన్‌ను, రెండు బైకార్బొనేట్ అయాన్లను తీసుకుని కాల్షియం కార్బొనేట్ కడుతుంది. నీరు, కార్బన్ డయాక్సైడ్ మిగులుతాయి. రాళ్ల మీద, గాజు మీద ఊదారంగులో పాకే కోరలైన్ ఆల్గే చేసేదీ ఇదే. దీన్ని తూకంలోకి మారిస్తే, ఆల్కలినిటీ 1 డీకేహెచ్ తగ్గినప్పుడు కాల్షియం సుమారు 7 పీపీఎం తగ్గుతుంది. ట్యాంకు ఎంత పెద్దదైనా, పగడం ఏ జాతిదైనా ఈ నిష్పత్తి దాదాపు మారదు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన అంకె ఒక్కటే అయితే అది ఇదే: ఒకటికి ఏడు.

రెండింటి నిల్వల్లో మాత్రం చాలా తేడా ఉంది. నీటిలోని 7 డీకేహెచ్ మొత్తం ఖర్చయిపోయినా కాల్షియం 420 నుంచి 370కి మాత్రమే దిగుతుంది. అంటే ఆల్కలినిటీ చిన్న పర్సులో డబ్బు, కాల్షియం బ్యాంకులో డబ్బు. ఒక రోజులో 1 డీకేహెచ్ పోతే ఆల్కలినిటీ ఏడో వంతు తగ్గినట్టు, కిట్‌లో వెంటనే కనబడుతుంది. అదే రోజు పోయిన 7 పీపీఎం కాల్షియం రెండు శాతం కూడా కాదు. ఇళ్లలో వాడే టెస్ట్ కిట్ల పొరపాటు పరిధే అంతకంటే ఎక్కువ.

చాలామంది పొరపడేది ఇక్కడే. కాల్షియం తగ్గడం లేదు, ఆల్కలినిటీ ఒక్కటే పడిపోతోంది అనుకుంటారు. రోజూ వంటసోడా మాత్రమే వేస్తారు. నెల రోజుల తర్వాత చూస్తే కాల్షియం 200 పీపీఎం పోయి ఉంటుంది. పగడాలు ఎదుగుదల ఆపేస్తాయి. అప్పుడు కంగారుపడి కాల్షియం ఒకేసారి గుమ్మరిస్తే నీరు తెల్లబడుతుంది. తర్వాత వంటసోడాను తిట్టుకోవడం మొదలవుతుంది. సోడా తన పని సరిగ్గానే చేసింది. రెండో పళ్లెంలో ఎవరూ ఏమీ వేయలేదు, అంతే.

వంటసోడా: వేయించినదీ, వేయించనిదీ

వంటసోడా అంటే సోడియం బైకార్బొనేట్. ఆహారానికి అమ్మే రకం రీఫ్ ట్యాంకుకు సరిపడేంత శుభ్రంగానే ఉంటుంది. 100 లీటర్ల నీటిలో 1 డీకేహెచ్ పెంచడానికి 3 గ్రాములు చాలు. బేకింగ్ పౌడర్ మాత్రం వేరు. అందులో సోడాతో పాటు ఆమ్ల లవణాలు, పిండి పదార్థం ఉంటాయి, చాలా రకాల్లో ఫాస్ఫేట్ కూడా ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని అది తెచ్చి వేస్తే నాచుకు ఎరువు వేసినట్టే.

వంటసోడాను పళ్లెంలో పలుచగా పరిచి ఓవెన్‌లో 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గంట ఉంచితే అందులోంచి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పోయి సోడియం కార్బొనేట్ మిగులుతుంది. బట్టల సోడాలో ఉండే పదార్థం ఇదే. 100 గ్రాముల సోడా వేయించాక 63 గ్రాములకు దిగుతుంది. బరువు అంతవరకు తగ్గిందా లేదా చూస్తే పని పూర్తయిందో లేదో తెలిసిపోతుంది. కష్టపడి వేయించడం ఎందుకంటే పీహెచ్ కోసం. మామూలు వంటసోడా వేస్తే పీహెచ్ కొద్దిగా తగ్గుతుంది, వేయించినది పెంచుతుంది. తలుపులు, కిటికీలు మూసి ఏసీ నడిపే ఇళ్లలో మనుషుల ఊపిరి వల్ల గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ట్యాంకు పీహెచ్ 8 కన్నా కిందే ఉండిపోతుంది. అలాంటి ఇంటికి వేయించిన సోడా నప్పుతుంది. పీహెచ్ ఇప్పటికే 8.3 దాటుతున్న ట్యాంకుకు వేయించనిదే మేలు.

అమెరికా రసాయన శాస్త్రవేత్త రాండీ హోమ్స్-ఫార్లే 2006లో వెలువరించిన జంట ద్రావణాల పద్ధతి ఈ రెండు రూపాల మీదే నిలబడింది. ఆయన లెక్క ప్రకారం ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్ల ద్రావణానికి 594 గ్రాముల వంటసోడాను వేయించి కలపాలి. దానికి జోడీగా మరో గ్యాలన్ నీటిలో 500 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలపాలి. వేయించని రకానికి రెండు కొలతలూ సగం: 297 గ్రాములు, 250 గ్రాములు. సగం ఎందుకంటే వేయించని సోడా నీటిలో అంతకన్నా ఎక్కువ కరగదు, అడుగున గడ్డకట్టి మిగిలిపోతుంది. రెండు ద్రావణాల బలాన్నీ ఒకటికి ఏడు నిష్పత్తి కుదిరేలా పెట్టారు కాబట్టి, వాడేవాళ్లు రెండింటినీ సమానంగా పోస్తే సరిపోతుంది. మొదటి రకంతో 100 లీటర్ల ట్యాంకులో 1 డీకేహెచ్ నింపడానికి ఒక్కోదాన్ని 19 మిల్లీలీటర్ల చొప్పున పోయాలి. ఇంత లెక్క ముందే కట్టిపెట్టి ఉండటం వల్లే ఈ పద్ధతి అంతగా పాకింది.

కాల్షియం క్లోరైడ్: మంచు దేశాల ఇంటి సరుకు

అమెరికాలో చలికాలం ఇంటి ముందు మంచు కరగడానికి చల్లే ఉప్పుల్లో కాల్షియం క్లోరైడ్ ఒకటి. హార్డ్‌వేర్ షాపుల్లో బస్తాల లెక్కన దొరుకుతుంది. న్యూజెర్సీలోనో, షికాగోలోనో ఉంటున్న తెలుగు కుటుంబానికి అది నిజంగానే ఇంటి సరుకు. హైదరాబాద్‌లో అలా కాదు. ఇక్కడ అది బీరువాల్లో తేమ పీల్చడానికి పెట్టే డబ్బాల్లో కనిపిస్తుంది, ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపుల్లో దొరుకుతుంది. టోఫు వంటి వాటికి వాడే ఆహార రకం కూడా ఉంది, ఎంచుకోగలిగితే అదే నయం. మంచు కరిగించే రకాల్లో కొన్నిటికి రంగులు, తుప్పు పట్టకుండా ఉంచే రసాయనాలు కలుపుతారు. బస్తా మీద కాల్షియం క్లోరైడ్ తప్ప ఇంకేదైనా పేరు ఉంటే దాన్ని వదిలేయడమే మంచిది.

దీని తూకంలో ఒక చిక్కుంది. ఇది గాలిలోని తేమను విపరీతంగా పీలుస్తుంది. పూర్తిగా పొడిగా ఉన్న రకం 2 గ్రాములు చేసే పనికి, నీరు పట్టి రేకులుగా వచ్చే రకం 2.6 గ్రాములు కావాలి. మూత సరిగ్గా పెట్టని డబ్బాలో తడిసి ముద్దయిన రకానికి ఇంకా ఎక్కువ కావాలి. అందుకే కొన్న వెంటనే మొత్తం ద్రావణంగా కలిపి సీసాలో పెట్టేయడం తెలివైన పని. కలిపేటప్పుడు సీసా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. పొడి మీద నీళ్లు పోయకుండా, నీళ్లలోకి పొడిని కొంచెం కొంచెంగా వేయాలి.

కాల్షియం ద్రావణాన్ని, సోడా ద్రావణాన్ని ఎప్పుడూ ఒకేచోట, ఒకేసారి పోయకూడదు. చిక్కగా ఉన్నప్పుడు అవి కలిస్తే ఆ క్షణంలోనే తెల్లటి పొడి అయి కిందపడతాయి. ఒకటి ఉదయం, మరొకటి సాయంత్రం, అదీ పంపు నీరు బలంగా తోసే చోట పోస్తే ఆ సమస్య ఉండదు.

తేట అనే మాటలోనే ఉన్న పద్ధతి

అక్వేరియం నిపుణుడు పీటర్ విల్కెన్స్ ప్రచారంలోకి తెచ్చిన కాల్క్‌వాసర్ పద్ధతిని ప్రపంచమంతా అదే పేరుతో పిలుస్తుంది. ఆ జర్మన్ మాటకు అర్థం సున్నపు నీరు. మన సున్నపుతేటే అది. ఈ పద్ధతిని వివరించడానికి తెలుగు మాట జర్మన్ మాట కన్నా బాగా కుదిరింది. సున్నాన్ని నీటిలో కలిపి, అడుగుకు దిగనిచ్చి, పైన నిలిచిన తేటను మాత్రమే వాడాలి. అడుగున మిగిలేది కరగని సున్నం మాత్రమే కాదు. సున్నపు నీటి పీహెచ్ 12.4 వరకు ఉంటుంది. అంత క్షారంలో చాలా లోహపు మలినాలు కరిగి ఉండలేక అడుగు మడ్డిలోకి దిగిపోతాయి. తేట తీయడమంటే మలినాన్ని వడకట్టడం కూడా.

సున్నం ఒకేసారి కాల్షియాన్ని, ఆల్కలినిటీని సరిగ్గా పగడానికి కావలసిన నిష్పత్తిలో ఇస్తుంది. రెండు సీసాల తూకం తప్పే భయం ఇందులో లేదు. నీటిలోని అదనపు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పీల్చేసి పీహెచ్ పెంచుతుంది. మామూలు పరిస్థితుల్లో వెనకాల అనవసరమైన లవణమేదీ మిగలదు. ఇన్ని సుగుణాలున్న ఈ పద్ధతికి ఒక పెద్ద హద్దు ఉంది. సున్నం లీటరు నీటిలో సుమారు 1.7 గ్రాములకు మించి కరగదు. 100 లీటర్ల ట్యాంకులో 1 డీకేహెచ్ నింపాలంటే 900 మిల్లీలీటర్ల వరకు తేట పోయాలి. రోజూ ఆవిరైపోయే నీటికి బదులుగానే దాన్ని పోయగలం. రోజుకు లీటరు ఆవిరయ్యే ట్యాంకుకు ఇది ఇవ్వగలిగేది ఒక డీకేహెచ్‌కు కాస్త పైన మాత్రమే. పగడాలు అంతకన్నా ఎక్కువ తింటుంటే మిగతాది జంట ద్రావణాలతో నింపాలి. కొందరు వెనిగర్ కలిపి ఇంకొంచెం ఎక్కువ సున్నం కరిగిస్తారు, అయితే వెనిగర్ బ్యాక్టీరియాకు ఆహారం కాబట్టి ఆ దారిలో జాగ్రత్త ఎక్కువ కావాలి.

తేటను చుక్కలు చుక్కలుగా, వీలైతే రాత్రి పూట వదులుతారు. చీకట్లో కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, పీహెచ్ బాగా దిగుతుంది. అప్పుడు పడే తేట ఆ దిగుడును ఆపుతుంది.

ఏ సున్నం వాడాలన్నది అసలు ప్రశ్న. అమెరికాలో ఊరగాయలకు అమ్మే ఆహార రకం సున్నాన్ని వాడతారు. మన దగ్గర తాంబూలపు సున్నం, గోడలకు వేసే సున్నం అందుబాటులో ఉంటాయి. తాంబూలపు సున్నంలో వాసనకూ మెత్తదనానికీ ఏం కలిపారో పొట్లం మీద రాయరు. గోడ సున్నంలో మట్టి, మెగ్నీషియం సమ్మేళనాలు ఉండవచ్చు, తెలుపు కోసం నీలిమందు, అంటుకోవడానికి జిగురు కలిపి ఉండవచ్చు. నత్తగుల్లలను కాల్చి చేసే గుల్లసున్నం పుట్టుక రీత్యా పగడానికి దగ్గరి చుట్టమే, కానీ బట్టీలో బొగ్గుతో పాటు ఏం కలిసిందో తెలియదు. ఆహార రకం అనో, ల్యాబ్ రకం అనో రాసి ఉన్న కాల్షియం హైడ్రాక్సైడ్ డబ్బా కొంటే ఈ అనుమానాలేవీ ఉండవు, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. తడి తగలని కాల్చిన సున్నాన్ని మాత్రం ముట్టుకోవద్దు. నీళ్లు తగిలితే అది బుసబుసా పొంగి కాలుస్తుంది.

మెగ్నీషియం ఎందుకు కలగజేసుకుంటుంది

సముద్రపు నీటిలో కాల్షియం కార్బొనేట్ నిజానికి కరిగి ఉండగలిగినదానికన్నా ఎక్కువే ఉంటుంది. అయినా తెల్లగా కిందపడకపోవడానికి ఒక ముఖ్య కారణం మెగ్నీషియం. సుద్ద స్ఫటికం మొలకెత్తగానే మెగ్నీషియం వెళ్లి దాని మీద కూర్చుంటుంది, స్ఫటికం పెరగడం ఆగుతుంది. మెగ్నీషియం తగ్గిన ట్యాంకులో ఎంత సోడా వేసినా ఆల్కలినిటీ నిలవదు. పోసినదంతా హీటర్ మీద, పంపు మీద పొరలా పేరుకుంటుంది. సోడా పని చేయడం లేదని వాపోయే ముందు మెగ్నీషియం 1250 పీపీఎం పైన ఉందో లేదో చూడాలి.

ఎప్సం సాల్ట్, అంటే మన పెద్దవాళ్ల బేదిఉప్పు, మెగ్నీషియం సల్ఫేట్. 100 లీటర్లలో 50 పీపీఎం పెంచడానికి 50 గ్రాములు పడుతుంది. అయితే ఇది ఒక్కటే వాడుతూ పోతే సల్ఫేట్ పేరుకుంటుంది. అందుకని ఎక్కువ భాగం మెగ్నీషియం క్లోరైడ్, తక్కువ భాగం బేదిఉప్పు కలిపి వాడతారు. పత్తి చేలకు పిచికారీ చేసే మెగ్నీషియం సల్ఫేట్ పేరు అదే అయినా అది ఎరువు రకం. పగడాల ట్యాంకుకు పనికిరాదు.

వెనకాల మిగిలే ఉప్పు

జంట ద్రావణాల గురించి తక్కువగా మాట్లాడుకునే సంగతి ఇది. కాల్షియం క్లోరైడ్‌లోని కాల్షియాన్ని, సోడాలోని బైకార్బొనేట్‌ను పగడం తీసుకుంటుంది. క్లోరైడ్, సోడియం నీటిలోనే ఉండిపోతాయి. అంటే మామూలు ఉప్పు. రోజుకు 1 డీకేహెచ్ తినే ట్యాంకులో ఏడాదికి లీటరుకు సుమారు 7.6 గ్రాముల ఉప్పు అదనంగా చేరుతుంది. సముద్రపు నీటిలో లవణాలన్నీ కలిపి లీటరుకు 35 గ్రాముల చిల్లర మాత్రమే, అందులో ఐదో వంతుకు పైగా అన్నమాట. ఉప్పదనం ఎప్పటికప్పుడు సరిచేసుకున్నా సోడియం, క్లోరైడ్ వాటా పెరిగి, సల్ఫేట్, పొటాషియం వాటా తగ్గుతుంది. నీరు చూడటానికి అలాగే ఉంటుంది, సముద్రపు నీటి పాళ్లు మాత్రం నెమ్మదిగా మారిపోతాయి.

1990ల్లో జర్మనీలో హాన్స్-వెర్నర్ బాలింగ్ ప్రతిపాదించిన పద్ధతిలో దీనికి పరిష్కారం ఉంది. సోడియం క్లోరైడ్ లేని సముద్ర లవణాల మిశ్రమాన్ని మూడో ద్రావణంగా కలుపుతారు. అప్పుడు మిగిలే ఉప్పు, ఈ మిశ్రమం కలిసి మామూలు సముద్ర లవణమే అవుతాయి. ఆ మిశ్రమం వంటింట్లో దొరికేది కాదు. దొరకనివాళ్లకు క్రమం తప్పకుండా నీరు మార్చడమే దారి. వంటింటి రసాయనాలతో మిగిలిన డబ్బులో కొంత సముద్రపు ఉప్పు బస్తాకు వెళుతుందని ముందే లెక్కవేసుకోవాలి.

నీళ్ల సంగతి, యూనిట్ల సంగతి

ద్రావణాలు కలపడానికి ఇంటి ఆర్‌ఓ నీళ్లు సరిపోతాయా అన్నది మన ఊళ్లలో తప్పక వచ్చే ప్రశ్న. చాలా ప్యూరిఫయర్లు రుచి కోసం కొంత ముడినీటిని తిరిగి కలుపుతాయి. కొన్నింటిలో కాపర్ చేర్చే కార్ట్రిడ్జ్ ఉంటుంది. మనిషికి పర్వాలేని ఆ కాపర్ పగడాలకు, రొయ్యలకు విషం. ఆ రెండూ లేని నీరు కావాలి, డీఅయనైజ్ చేసినదైతే, అంటే కరిగిన లవణాలన్నీ తీసేసినదైతే, ఇంకా మంచిది.

భీమవరం, నెల్లూరు వైపు వనామి రొయ్యల రైతులకు ఈ రసాయనాలు కొత్తవి కావు. సున్నం, సోడియం బైకార్బొనేట్, మెగ్నీషియం క్లోరైడ్ అక్కడ చెరువుల్లోకి బస్తాల్లో వెళతాయి. గుల్ల విడిచిన రొయ్యకు కొత్త గుల్ల గట్టిపడాలంటే నీటిలోని కాల్షియమే కావాలి. రైతు ఆల్కలినిటీని పీపీఎంలో చెబుతాడు, పగడాలవాళ్లు డీకేహెచ్‌లో చెబుతారు. 1 డీకేహెచ్ అంటే సుమారు 18 పీపీఎం. చెరువులో 125 పీపీఎం అన్నది సముద్రపు 7 డీకేహెచ్‌తో సమానం. ఒక కిట్‌తో కొలిచి మరో యూనిట్‌లో రాసిన కొలత ప్రకారం సోడా వేస్తే తప్పు పద్దెనిమిది రెట్లు అవుతుంది. ఆక్వా షాపులో దొరికే సరుకు చెరువు కోసం చేసినది, దాని స్వచ్ఛత చెరువుకు సరిపడేంతే ఉంటుంది.

ఎవరికి అవసరం

మెత్తటి పగడాలు, రాతిగూడు కట్టని జోవాంథిడ్లు మాత్రమే ఉన్న చిన్న ట్యాంకు తినే కాల్షియం చాలా తక్కువ. వారం వారం కొంత నీరు మార్చితే చాలు, ఏ ద్రావణమూ అక్కర్లేదు. అక్రోపోరా వంటి రాతి పగడాలు నిండిన ట్యాంకే రోజుకు రెండు మూడు డీకేహెచ్ లాగేస్తుంది. భారతదేశంలో ఈ రాతి పగడాలన్నింటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. మన సముద్రంలోంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. ఎవరైనా చౌకగా తెచ్చిస్తామంటే సోడా ధర గురించి ఆలోచించే ముందు ఆ పగడం ఎక్కడిదో అడగాలి.

మోతాదు మించినప్పుడు

సున్నపుతేట, వేయించిన సోడా కంట్లో పడితే చూపుకే ప్రమాదం. సున్నం పొట్లాలు చిట్లి పిల్లల కళ్లు దెబ్బతినడం మన దేశంలో కంటి డాక్టర్లకు తెలిసిన విషయమే. కలిపేటప్పుడు రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి. నీళ్లలా కనబడే ఈ ద్రావణాలను తాగునీటి సీసాల్లో పోసి పెట్టకూడదు. కంట్లో పడితే ఆగకుండా నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి వెళ్లాలి.

ట్యాంకులో ఎక్కువగా జరిగే ప్రమాదం పంపు ఆగకుండా తేటనంతా ఒకేసారి వదిలేయడం. నీరు మంచు పట్టినట్టు తెల్లబడుతుంది, పీహెచ్ ఎగబాకుతుంది. ముందు పంపు ఆపాలి. గాలి బుడగలు వదిలితే గదిలోని కార్బన్ డయాక్సైడ్ చేరి పీహెచ్ గంటల్లో దిగుతుంది. ఆ తెలుపు సుద్దపొడే, దానంతట అదే సర్దుకుంటుంది. నీరు తేరుకున్నాక, అంటే సాధారణంగా మర్నాడు, ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం మూడూ కొలవాలి. సుద్దగా కిందపడినదానిలో కూడా ఆల్కలినిటీ, కాల్షియం ఒకటికి ఏడు నిష్పత్తిలోనే పోయి ఉంటాయి. తక్కువ వస్తే రెండింటినీ అదే నిష్పత్తిలో, ఆల్కలినిటీ రోజుకు 1 డీకేహెచ్‌కు మించకుండా నింపుకుంటూ రావాలి.